ఆకలితో చచ్చిన మొక్క కాదు

మేక ఆకు తినడం ఎరుగుదుము; ఆకు పురుగును తినడం చూచినవారు అరుదు. తెలుగునేలపై వానాకాలంలో, చెమ్మగిలిన నిస్సారపు నేలల్లో మొలిచే డ్రాసిరా అట్టి మొక్క. రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఆకులపై ఎర్రని కేసరాలు, వాటి కొనలను మంచుబిందువులవంటి జిగురు. తేనె అనుకొని వాలిన దోమ ఇక లేవదు.

1875లో కీటకాహార మొక్కలపై గ్రంథం వెలువరించిన డార్విన్, ఇంగ్లండులోని దీని దాయాదికి మాంసపు తునకలు, గాజుముక్కలు కూడ పెట్టి చూశాడు. మాంసాన్ని ఆకు చాలాసేపు పట్టి ఉంచింది. గాజును త్వరగా విడిచింది.

ఆ సంగతి విన్న యాలాల్ విద్యార్థి ఒకడు, విద్యాయాత్రలో దొరికిన మొక్కను పెరికి తెచ్చి కుండీలో నాటాడు. రోజూ మాంసం పెట్టాడు, బావినీరు పోశాడు. పదిరోజులకు మొక్క కుళ్ళింది. "ఆకలితో చచ్చిపోయిందా, సార్?" అన్నాడు దిగులుగా.

ఆకలితో కాదు నాయనా! ఎండలో తన ఆహారం తానే వండుకొనే మొక్క అది. నేలలో కొరవడిన నత్రజనికోసమే పురుగును పట్టుతుంది. అప్పుడప్పుడొక చీమ చాలు. మాంసం ఎక్కువైతే ఆకే కుళ్ళుతుంది. తాండూరు ప్రాంతం సున్నపురాతి నేల; ఆ బండల్లో ఊరిన నీటి లవణాలు దానికి సరిపడవు. వాననీరే కావాలి.

విత్తనం రాల్చి ఏటేటా చచ్చి పుట్టే మొక్కను పూతకు ముందే పెరికితే మరుసటి ఏడు అక్కడ ఏమి మొలుస్తుంది? కనబడితే వంగి చూడండి, పెరకకండి.