కృష్ణలోయలో స్త్రీల కీర్తి

నల్లగొండ సీమ యనినంతనే బోడిగుట్టలును, చెరువులును, మెట్టచేలును మనకు స్ఫురించును. నార్కట్‌పల్లి ప్రాంతమున నివసించు మాకు నిత్యము కనబడునవి యవియే. కాని యిచటినుండి నల్లగొండ, హాలియాల మీదుగా దక్షిణమునకు పోయినచో భూమి రూపు మారి, కొండల నడుమ కృష్ణవేణి కోసిన లోయ గోచరించును.

అడుగున గ్రానైటురాయి, దానిపై పొరలు పొరలుగా పేరి గట్టిపడిన యిసుకరాయి. ఈ పొరల వయస్సు నూరుకోట్ల యేండ్లకు మించినది. లేయెండ సోకినపుడు చరియలు కుంకుమవన్నె దాల్చును. మధ్యాహ్నమున గోధుమవన్నెకు తిరుగును. సందెవేళ నీలినీడలలో మునుగును. వానకాలమున కొండలపై అడవి పచ్చపట్టు కప్పినట్లుండును.

సోదరీమణులారా! ఈ సౌందర్యముకంటె మనకు ఆత్మీయమైన చరిత్ర యొకటి యిచట గలదు. మూడు దిక్కుల కొండలును, నాలుగవ దిక్కున కృష్ణయు కాపుగా నున్న నాగార్జునకొండ లోయలో క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసెను. చాంతమూల మహారాజు అశ్వమేధము చేసెను. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యమును నిర్మింపజేసెను. మేనల్లుడు వీరపురుషదత్తుని 6వ పాలనవత్సరమున అది ముగిసెను. అన్న యొక మార్గమున, చెల్లెలు వేరొక మార్గమున నడచినను ఇల్లు ఒక్కటిగనే యుండెను!

బోధిసిరి యను ఉపాసిక రాణి కాదు. ఆమె సింహళ భిక్షువులకై చైత్యగృహము కట్టించి, ఆ పుణ్యమున భర్తను, తలిదండ్రులను, తోబుట్టువులను పేరుపేరున భాగస్వాములను గావించి శిలపై వ్రాయించెను. వంటింట నెల్లరికిని వడ్డించు గృహిణి మనసే ఆ శాసనమున గూడ కానవచ్చుచున్నది.

1926లో ఈ శిథిలములు వెలుగుచూచెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగునని 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు సాగించి, ముఖ్యకట్టడములను కొండమీదను, అనుపులోను తిరిగి నిలిపిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. విజయపురి నీటి పాలయ్యెను. ఎడమకాలువ క్రింద మన జిల్లా బీళ్లు మాగాణులయ్యెను. ఆ లాభమును, ఈ నష్టమును రెండును మనవే.

నేడా కొండ జలాశయమధ్యమున ద్వీపమై యున్నది. పడవనెక్కి పోవునపుడు నీటి యందమును మాత్రమే చూచి మరలక, మన బాలికలకు చాంతిసిరి, బోధిసిరుల కథ చెప్పుదము. లోయ మునిగినను వారి పేళ్లు మునుగరాదు.