ఎండకు కమిలితే పేస్టు పూయొద్దు

బళ్లారి ఎండ మాకు కొత్తేమీ కాదు. అయినా ఆటల పోటీల సాధన అంటూ పిల్లల్ని మధ్యాహ్నం దాకా మైదానంలో ఉంచింది మేమే. మర్నాడు ఏడో తరగతి అమ్మాయి మెడ నిండా టూత్‌పేస్టుతో వచ్చింది. వాళ్లమ్మ పూసి పంపిందట. మెల్లగా కడిగి చూస్తే చర్మం ఎర్రగా కమిలి, రెండు బొబ్బలు! పేస్టు మంటను ఇంకా పెంచుతుంది. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డను పావుగంట వేసి ఉంచాం. ఐసు నేరుగా పెట్టకూడదు. వెన్న, నూనె కూడా వద్దు. బొబ్బల్ని చిదమకూడదు, కింది చర్మాన్ని కాపాడేది ఆ పొరే. నీళ్లు, మజ్జిగ ఎక్కువగా తాగించాలి. జ్వరం, వాంతులు, తలతిరుగుడు ఉన్నా, బొబ్బలు బాగా లేచినా ఇంటి వైద్యంతో సరిపెట్టక ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇప్పుడు మా సాధన ఉదయం 9 గంటలలోపే ముగుస్తోంది.