వింటివేటలో దూరము - అమ్ము నాటుకొను లోతు

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో శతాబ్దములుగా నివసించుచున్న తెలుగువారు తమ పూర్వుల వేటను గూర్చి అభిమానముతో చెప్పుకొందురు. ఆ కథలలో దూరమునకే పెద్దపీట. ఎంత దూరమునుండి కొట్టిన అంత మొనగాడని తలంపు. వింటి స్వభావమును విచారించినచో సత్యము ఇందుకు విరుద్ధమని తేలును.

మొదట మాటలను చూతము. తమిళము నడుమ పెరుగు మన బిడ్డలకు 'అంబు' తెలియును, 'అమ్ము' తెలియదు. తమిళమున 'కొంబు' ఉన్నచోట మనకు 'కొమ్ము' ఉన్నట్లే, 'అంబు' ఉన్నచోట 'అమ్ము' ఉన్నది. అమ్ము కొనకు తొడుగు ఇనుపమొన ములికి, తోకకు కట్టు ఈక గరి, వింటిని వంచి బిగించు త్రాడు అల్లె, అమ్ములుంచునది పొది. ఇందు ప్రతి మాటయు ఒక పనికి గుర్తు. ములికి కోయును, గరి అమ్మును తిన్నగా నడపును, అల్లె వింటి బలమును అమ్మునకు అందించును.

తుపాకిగుండునకు గల వేగము అమ్మునకు లేదు. పదునైన ములికి మాంసమును, నెత్తుటి నాళములను కోసికొని లోనికి పోవుటచేతనే మృగము కూలును. కావున అమ్ము ఎంత లోతుగా నాటుకొన్నది, ఎచ్చట నాటుకొన్నది అను రెండే ముఖ్యము. మొద్దుబారిన ములికి ఎంతటి బలిష్ఠుడు వేసినను చర్మముననో ఎముకకడనో నిలిచిపోవచ్చును.

ఒక లెక్క చూతము. 30 గ్రాముల అమ్ము సెకనుకు 45 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని శక్తి సుమారు 30 జౌళ్లు. అంతే శక్తితో 45 గ్రాముల అమ్ము పోయినచో వేగము 36 మీటర్ల చిల్లరకు తగ్గును గాని, దాని ద్రవ్యవేగము, అనగా బరువును వేగముచే గుణించగా వచ్చునది, అయిదవవంతుకు పైగా పెరుగును. అడ్డువచ్చినదానిని త్రోసికొని పోవుటకు ఇదియే తోడ్పడును. పెద్ద మృగమునకు బరువైన అమ్మును కోరుటలోని మర్మమిది.

ఇక దూరము. పైన చెప్పిన మొదటి అమ్ము 20 మీటర్లు పోవునప్పటికి, గాలి అడ్డు లెక్కింపకయే, సుమారు ఒక మీటరు క్రిందికి దిగును. 40 మీటర్లకు నాలుగు మీటర్లకు దగ్గరగా దిగును. దూరము రెట్టింపైన దిగుడు నాలుగింతలగును. వేటకాడు దూరమును అయిదు మీటర్లు తక్కువగా అంచనా కట్టినచో 20 మీటర్లకడ గురి పావుమీటరు, 40 మీటర్లకడ అరమీటరు తప్పును. గుండెకు తగులవలసినది కాలికి తగులును.

మరియొక చిక్కు గలదు. అల్లె మ్రోత సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. 40 మీటర్ల దూరమున నున్న జింకకు అది సెకనులో ఎనిమిదవవంతు కాలమున వినబడును. అమ్ము చేరుటకు సెకనుకు కొంచెమే తక్కువ పట్టును. ఆలోపల జింక ఉలికిపడి కదలును. గాయపడి పొదలలో దూరిన మృగము ఎవరికిని దక్కక, బాధపడి చచ్చును.

యుద్ధమున దూరపు వేటునకు విలువ గలదు. 1545లో మునిగి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అను ఆంగ్లనౌకలో దొరికిన విండ్లలో పెక్కింటిని లాగుటకు 45 కిలోలకు మించిన బలము కావలెనని అంచనా. అవి సేనల గుంపుపై అమ్ములు కురిపించుటకైనవి. వేటలో గుంపు లేదు. ఒకే ప్రాణి, ఒకే మర్మస్థానము.

ఈ నీతి మన రెండు భాషలవారును ఎఱిగిన కన్నప్ప కథయందును గలదు. పన్నెండవ శతాబ్దపు పెరియపురాణమున తిన్నడు అడవిపందిని వెంట పరుగెత్తి, దగ్గరకు చేరి, చురకత్తితో కూల్చును. మన ధూర్జటికి కూడ తిన్నడు ప్రియమైన నాయకుడే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేట మనకు గతకాలపు విద్య. అది తిరిగి రావలెనని ఎవరును కోరరాదు. కాని ములికి, గరి, అల్లె అను మాటలు చట్టముచే నిషేధింపబడలేదు. ఇంట వృద్ధులున్నవారు వారినడిగి ఇట్టి మాటలను వ్రాసియుంచవలెను. దూరము గొప్పది కాదు, దగ్గరకు చేరు ఓర్పే గొప్పది అను పూర్వుల తెలివి ఆ మాటలతోనే మన పిల్లలకు అందవలసియున్నది.