ఆమేన్ కంటే ముందే నవ్వు

పసిపిల్లలున్న ఇంట్లో కుటుంబ ప్రార్థన నిశ్శబ్దంగా జరిగిందని ఎవరైనా చెబితే, ఆ పూట పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్ళి ఉంటారని అర్థం చేసుకోవాలి. తండ్రి వాక్యం చదువుతుంటే ఒకడు బైబిలు రిబ్బను పట్టుకుని లాగుతుంటాడు. తల్లి ప్రార్థన సగంలో ఉండగానే చిన్నది 'ఆమేన్' అని ముగించేస్తుంది. అన్నయ్య కళ్ళు మూసుకోలేదని చెల్లెలు ఫిర్యాదు చేస్తుంది. ఆ సంగతి తెలియాలంటే తాను కూడా కళ్ళు తెరిచే ఉండాలన్న విషయం ఆ పిల్లకు తట్టదు. ఈ గోలలో భక్తి ఎక్కడుందని చాలామంది తల్లిదండ్రులు దిగులుపడతారు. "పిల్లలు కాస్త పెద్దయ్యాక మొదలుపెడతాం అయ్యగారూ" అంటారు. ఆ మాట గురించే ఈ వారం కాసేపు ఆలోచిద్దాం.

ఈపురుపాలెం చేనేతకు పేరున్న ఊరు. చీరాల మండలంలోని ఈ ఊరు ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు వైపు వెళ్ళింది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లా పేర్లు మారాయి గాని నేత ఇంట్లో మగ్గం చోటు మాత్రం మారలేదు. గుంటలో కాళ్ళు పెట్టుకుని తండ్రి నేస్తుంటాడు. పక్కనే తల్లి రాట్నం మీద కండెలు చుడుతుంటుంది. పాత చీరతో కట్టిన ఉయ్యాలలో పసిబిడ్డ నిద్రపోతుంటుంది. మగ్గం చప్పుడుకు కాదు, ఆ చప్పుడు ఆగితేనే ఆ బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ఇటువంటి ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళినప్పుడల్లా మాకు ద్వితీయోపదేశకాండము గుర్తుకొస్తుంది. దేవుని మాటలు పిల్లలకు నేర్పించడానికి అక్కడ ప్రత్యేకమైన గది గాని, పరచిన చాప గాని అడగలేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటిని గూర్చి మాట్లాడమన్నారు (ద్వితీ. 6:7). అంటే వంట పొగలో, మగ్గం చప్పుడులో, స్నానం చేయనని మొండికేసే పిల్లవాడి ఏడుపులో అన్నమాట!

పిల్లల ప్రార్థనలు విన్నవాళ్ళకు తెలుస్తుంది, వాటిలో దాపరికం ఉండదు. ఒక ఇంట్లో అయిదేళ్ళ బాబును ప్రార్థన చేయమంటే, అమ్మను, నాన్నను, నాయనమ్మను, ఇంటి వెనక ఉన్న మేకపిల్లను వరుసగా దీవించమని అడిగి, "అక్కను మాత్రం రేపు దీవించు దేవా, ఇవాళ నన్ను కొట్టింది" అన్నాడు. మరో ఇంట్లో రాత్రి భోజనానికి మమ్మల్ని కూర్చోబెట్టారు. ప్రార్థన కొంచెం దీర్ఘంగానే సాగింది. ఇంతలో ఓ చిన్నారి గొంతు వినబడింది. "దేవా, అయ్యగారి మాటలన్నీ విన్నావు గదా, ఇక చేపల పులుసు చల్లారిపోతోంది." ఇంటి యజమాని ముఖం ఎర్రబడింది. మేము మాత్రం వెంటనే ఆమేన్ చెప్పాం. పెద్ద ప్రార్థనల్లో పైకి చెప్పని మాటను ఆ పిల్ల దేవుని ముందు నేరుగా చెప్పింది. పెద్దవాళ్ళం మనం దేవునితో మాట్లాడేటప్పుడు కూడా పక్కింటివాళ్ళు వింటున్నారన్నట్టు మాట్లాడతాం. పిల్లలు దేవుడు ఒక్కడే వింటున్నాడన్నట్టు మాట్లాడతారు.

మార్కు సువార్త పదవ అధ్యాయం అందరికీ తెలిసినదే. చిన్నపిల్లలను ముట్టాలని కొందరు యేసుప్రభువు దగ్గరకు తీసుకొస్తే శిష్యులు గద్దించారు. ఆ శిష్యులు చెడ్డవాళ్ళు కారు. సభ క్రమంగా జరగాలని ఆరాటపడ్డ కమిటీ పెద్దల్లాంటివాళ్ళు. అయితే దానికి కొద్ది రోజుల ముందే కపెర్నహూములోని ఇంట్లో ప్రభువు ఒక చిన్నబిడ్డను ఎత్తి కౌగిలించుకుని, ఇలాంటివారిని చేర్చుకుంటే నన్ను చేర్చుకున్నట్టేనని వాళ్ళకే చెప్పి ఉన్నాడు (మార్కు 9:36, 37). పాఠం విన్నారు, పరీక్షలో తప్పారు. అక్కడ ప్రభువు కోపపడ్డాడని మార్కు రాశాడు. మూలభాషలో ఆ మాట చిరాకును కాదు, అన్యాయం చూసినప్పుడు పుట్టే ఆగ్రహాన్ని తెలిపే మాట. లూకా ఇదే సంగతి రాస్తూ చంటిబిడ్డలను సూచించే పదం వాడాడు (లూకా 18:15). చంటిబిడ్డ ప్రసంగం వినలేదు, వచనం అప్పజెప్పలేదు, మధ్యలో ఏడవనని హామీ ఇవ్వలేదు. అయినా ప్రభువు చేతుల్లోకి వెళ్ళింది. పిల్లలు పెద్దయ్యాక మొదలుపెడదాం అనే మాటకు ఇంతకంటే స్పష్టమైన జవాబు ఏముంటుంది?

త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రలో తూగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ప్రసంగాలు చేసే మాలాంటివాళ్ళం తరచుగా చదువుకోవలసిన భాగమిది! పౌలు పైనుంచే "ప్రసంగంలో నిద్రేమిటి?" అని కేకవేయలేదు. కిందికి దిగి వెళ్ళి అతణ్ణి కౌగిలించుకున్నాడు (అపొ. కార్య. 20:10). ఆ తర్వాత మళ్ళీ పైకి వెళ్ళి తెల్లవారేదాకా మాట్లాడాడనుకోండి, అది వేరే సంగతి. నిద్రపోయిన పిల్లవాడి కోసం కిందికి దిగడం, ఆ రాత్రి పౌలు నోటితో చెప్పిన ప్రసంగం కంటే చిన్నదేమీ కాదు.

ఈ ప్రాంతంలో లూథరన్ సంఘాలు ఎక్కువ. 1842 జూలై 31న హేయర్ దొర గుంటూరు చేరుకోవడంతో ఆ సేవ మొదలైంది. కాని లూథర్‌ను మనం రోమా సంఘాన్ని ఎదిరించిన సింహంగానే ఎరుగుదుం. ఇంట్లో లూథర్ సంగతి తక్కువగా తెలుసు. 1522లో వివాహ జీవితం గురించి రాస్తూ ఆయన ఒక మాట చెప్పాడు. తండ్రి విశ్వాసంతో తన బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే జనం ఎగతాళి చేయవచ్చు గాని, దేవుడు దూతలతో కలిసి ఆనందంగా నవ్వుతాడన్నది దాని సారాంశం. అప్పటికి ఆయనకు పెళ్ళే కాలేదు. 1525లో కాథరీనాను పెళ్ళి చేసుకున్నాక ఆరుగురు పిల్లలు పుట్టారు. రాసినదాన్ని ఆచరించే అవకాశం దేవుడు పుష్కలంగానే ఇచ్చాడు! 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరి కూడా మొదట ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పడానికే ఉద్దేశించింది. 1530లో కోబర్గ్ కోటలో ఉండి, సంఘ భవిష్యత్తు తేలే సభ జరుగుతున్న రోజుల్లోనే, నాలుగేళ్ళ కొడుకు హాన్స్‌కు ఉత్తరం రాశాడు. అందులో సిద్ధాంత చర్చ లేదు. బుద్ధిగా ప్రార్థన చేసుకునే పిల్లలు పండ్లు ఏరుకునే తోట, బంగారు కళ్ళేలు, వెండి జీనులు ఉన్న చిన్న గుర్రాలు ఉన్నాయి. నాలుగేళ్ళ పిల్లవాడికి పరలోకం అర్థం కావాలంటే గుర్రప్పిల్ల కావాలని ఆ మహా వేదాంతికి తెలుసు.

ఆ ఇంట్లో నవ్వు మాత్రమే ఉందనుకోకండి. 1542లో పదమూడేళ్ళ కూతురు మగ్దలేనా తండ్రి చేతుల్లోనే ప్రాణం విడిచింది. లూథర్ చాలాకాలం కుమిలిపోయాడు. విశ్వాసుల ఇంట నవ్వు అంటే కష్టం లేకపోవడం కాదు. కష్టం వచ్చినప్పుడు ఒకరి చేతుల్లో ఒకరం ఉంటామన్న ధైర్యం ముందే అలవాటై ఉండడం.

నేత ఇళ్ళలో కష్టం ఎలా వస్తుందో చూసినవాళ్ళకు తెలుసు. నూలు ధర పెరుగుతుంది, చీర ధర పెరగదు. వానలు ముదిరితే గుంటలోకి నీళ్ళు దిగి మగ్గం ఆగిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారంలో ఒక చిన్నవాడు నీళ్ళు నిలిచిన మగ్గం గుంటను చూసి, "నాన్నా, సముద్రం మనింటికి పడుకోవడానికి వచ్చిందా?" అని అడిగాడట. తడిసిన పడుగును చూస్తూ అప్పటిదాకా మౌనంగా కూర్చున్న తండ్రి నవ్వాడు. నవ్వాక లేచి నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు. అప్పు తీరలేదు, నష్టం పూడలేదు. కాని మనిషి లేచాడు. సంతోషం గల మనస్సు మంచి ఔషధమని సామెతల గ్రంథం చెప్పింది (17:22) ఇటువంటి రోజుల కోసమే.

అన్ని ఇళ్ళలో అలా జరగదు. పనిలేని రోజుల కోపం చాలాసార్లు పిల్లల వీపు మీదే దిగుతుంది. ఒక ఇంట్లో ఆరేళ్ళ పాప ఆటకని నాడె లాగింది. చాలా పోగులు తెగిపోయాయి. అసలే మజూరి అందక విసిగి ఉన్న తండ్రి, ఇల్లు అదిరేలా అరిచాడు, చేయి చేసుకున్నాడు. ఆ రాత్రి పడుకునేముందు పాప, "నాయనమ్మా, దేవుణ్ణి కూడా తండ్రీ అనే పిలవాలి గదా. ఆయన కూడా ఇంత గట్టిగా అరుస్తాడా?" అని అడిగింది. ఆ మాట గోడ అవతల ఉన్న తండ్రి చెవిన పడింది.

ప్రియులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. బైబిలు చదవడం రాకముందే పిల్లలు మన ముఖాలు చదువుతారు. 'తండ్రి' అనే మాటకు వాళ్ళ మనసులో అర్థం రాసేది సండే స్కూలు టీచరు కాదు, మనమే. అందుకే పౌలు ఎఫెసీయులకు రాసేటప్పుడు పిల్లలకు కోపం రేపవద్దన్నాడు (6:4). కొలొస్సయులకు రాసేటప్పుడు వాళ్ళ మనస్సు కుంగిపోతుందని కారణం కూడా చెప్పాడు (3:21). క్రమశిక్షణ వద్దని ఆయన అనలేదు. తెగిన పోగు అతుకుతుంది. కుంగిన పసిమనసు అంత సులువుగా అతకదు. మర్నాడు ఆ తండ్రి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నిన్న నేను అలా అరవకూడదమ్మా, తప్పు నాది" అన్నాడు. పాప కాసేపు ఆలోచించి, "సరే, అయితే నాడె మళ్ళీ ఇస్తావా?" అంది. క్షమాపణ పెద్దలకు కష్టం. క్షమించడం పిల్లలకు ఎంత సులువో చూడండి!

నవ్వుల్లో కూడా తేడా ఉంది. వృద్ధాప్యంలో బిడ్డ పుడతాడంటే అబ్రాహాము నవ్వాడు, శారా నవ్వింది. దేవుడు ఆ నవ్వునే బిడ్డకు పేరుగా పెట్టాడు. ఇస్సాకు అంటే నవ్వు అనే కదా అర్థం. నమ్మలేని నవ్వును దేవుడు కృతజ్ఞత నిండిన నవ్వుగా మార్చాడు (ఆది. 21:6). కాని పాలు మాన్పిన విందునాడు అదే ఇంట్లో పరిహాసపు నవ్వు వినబడితే ఇల్లు చీలింది. పిల్లవాడి నత్తిని, నలుపును, మార్కులను చుట్టాల ముందు చెప్పి నవ్వించడం హాస్యం కాదు. పిల్లలతో కలిసి నవ్వాలి గాని పిల్లల్ని చూసి నవ్వకూడదు. ఇప్పుడు ఆ చుట్టాల స్థానంలోకి సెల్‌ఫోను వచ్చింది. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టకుండా వీడియో తీసి పదిమందికి పంపే తల్లిదండ్రులు ఒక్క నిమిషం ఆలోచించాలి.

మరి చేయవలసిందేమిటి? పెద్ద పనులేమీ కాదు. ప్రార్థన పిల్లల ఓపికకు సరిపడినంత ఉంచండి. అయిదు నిమిషాలు రోజూ జరిగితే, వారానికొకసారి చేసే గంట కంటే మేలు. పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి. పస్కా పండుగనాడు పిల్లలు దీని అర్థమేమిటని అడుగుతారని దేవుడు ముందే చెప్పి, జవాబు సిద్ధం చేయించాడు (నిర్గమ. 12:26, 27). అల్లరి మాన్పించడానికి "దేవుడు చూస్తున్నాడు, కళ్ళు పోతాయి" అని బెదిరించకండి. గుడ్డివాళ్ళకు చూపునిచ్చిన ప్రభువును పిల్లల కళ్ళు తీసేవాడిగా పరిచయం చేయడం ఎంత అన్యాయం! మీ కోపం హద్దు దాటితే పిల్లల ముందే ఒప్పుకోండి. దానివల్ల గౌరవం తగ్గదు.

హన్నా సంగతి నేతవాళ్ళకు బాగా తెలుస్తుంది. మందిరంలో ఉన్న సమూయేలు కోసం ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేది (1 సమూ. 2:19). కొడుకు ఎంత పెరిగి ఉంటాడో ప్రతి ఏడూ మనసులోనే కొలిచి ఉంటుంది. మన బిడ్డల భక్తి కూడా అంతే. నాలుగేళ్ళ వాడికి నాలుగేళ్ళ అంగీయే సరిపోతుంది. పెద్దల అంగీ తొడిగితే కాళ్ళకు తట్టుకుని పడతాడు. అలాగని పెద్దయ్యేదాకా ఒంటిమీద ఏమీ వేయకుండానూ ఉంచం గదా. నేతగాని నాడె కంటే వేగంగా రోజులు గడుస్తున్నాయని యోబు వాపోయాడు (7:6). ఉయ్యాలలోని బిడ్డ బడికి, బడిలోని బిడ్డ పట్నానికి వెళ్ళిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. దేవుడు తన పట్టణాన్ని బాగుచేసినప్పుడు వీధులు ఆడుకునే మగపిల్లలతో, ఆడపిల్లలతో నిండి ఉంటాయని జెకర్యా చూశాడు (8:5). ఆ గోల దేవునికి ఇష్టమైన గోల. ఈ రాత్రి మీ ఇంట్లో అది వినబడితే విసుక్కోకండి. పిల్లల్ని దగ్గరికి పిలిచి, వాళ్ళలో అందరికంటే చిన్నవాణ్ణి ప్రార్థన చేయమనండి. వాడు ఏమి అడిగినా సరే, మీరంతా గట్టిగా ఆమేన్ చెప్పండి.