మందు అదే, మోతాదు మాత్రం అందరికీ ఒకటి కాదు

జ్వరం వచ్చినా, మూత్రంలో మంట పుట్టినా, పుండు చీము పట్టినా మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి యాంటీబయాటిక్ మందులే. పక్కింటివారికి గుణమిచ్చిన మాత్ర మనకూ గుణమిస్తుందనీ, క్రిందటిసారి రాసిచ్చిన చీటీయే ఈసారికీ సరిపోతుందనీ చాలామంది నమ్మకం. కాని ఒక్క సంగతి మరచిపోతూ ఉంటారు. మందు ఒంట్లోకి వెళ్ళడం ఎంత ముఖ్యమో, పని ముగించుకొని బయటికి పోవడమూ అంతే ముఖ్యం. చాలా యాంటీబయాటిక్‌లను బయటికి పంపే పని మూత్రపిండాలదే.

మూత్రపిండాలు ఈ పనిని ఎంత చురుకుగా చేస్తాయో తెలుసా? 1941లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు, అప్పుడే కొత్తగా తయారైన పెనిసిలిన్ ఇచ్చారు. మందు నిల్వ బహు తక్కువ. అందుచేత ఆయన మూత్రాన్ని పట్టి, అందులో నుంచి పెనిసిలిన్‌ను తిరిగి వేరుచేసి, మళ్ళీ ఆయనకే ఎక్కించారు. కొంత తేరుకున్నా, మందు చాలక ఆయన దక్కలేదు. ఇచ్చిన మందులో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుందన్న సంగతి వైద్యులకు అప్పటినుంచే తెలుసు.

తూము సగం పూడిన తొట్టి

మరి మూత్రపిండాలు నీరసించినవారి మాటేమిటి? తూము సగం పూడిపోయిన తొట్టిలో ఎప్పటిలాగే నీళ్ళు పోస్తూ ఉంటే ఏమవుతుంది? పొంగి పొర్లుతుంది. మందు విషయమూ అంతే. జెంటామైసిన్ ఇంజక్షన్ ఆరోగ్యవంతుల రక్తంలో రెండు మూడు గంటల్లో సగానికి తగ్గుతుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో అలా తగ్గడానికి ఒక రోజు పైగా పట్టవచ్చు. ఈలోగా మరో ఇంజక్షన్, దానిమీద మరొకటి పడితే మందు పేరుకుపోయి మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తుంది. చెవుడు వస్తుంది, తల తిరుగుతుంది. అలా పోయిన వినికిడి చాలామందికి తిరిగి రాదు.

సెఫెపిమ్ వంటి మందు పేరుకుపోతే మతి తప్పి మాట్లాడడం, కండరాలు అదరడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. ఇంట్లోవాళ్ళు దాన్ని ముసలితనపు చాదస్తం అనుకుంటారు! కో-ట్రైమోక్సజోల్ రక్తంలో పొటాషియంను పెంచుతుంది. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. మూత్రంలో మంటకు వాడే నైట్రోఫ్యురాంటాయిన్ కథ వేరు. మూత్రపిండాలు బాగా నీరసించినవారిలో అది మూత్రంలోకి చాలినంత చేరదు. జబ్బు తగ్గదు, మందు మాత్రం ఒంట్లో నిలిచి నరాలకు చేటు చేస్తుంది.

ఒకే అంకె, ఇద్దరు మనుషులు

“మా అమ్మకు క్రియాటినిన్ 1.4 మాత్రమే. కొంచెమే ఎక్కువ, ఫరవాలేదు” అంటారు కొందరు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఒక సులువైన లెక్క చెప్పారు. 140 నుంచి వయస్సును తీసివేసి, మిగిలినదాన్ని కిలోల బరువుతో హెచ్చవేయాలి. వచ్చినదాన్ని క్రియాటినిన్‌ను 72తో హెచ్చవేసిన మొత్తంతో భాగించాలి. స్త్రీలకైతే ఫలితాన్ని 0.85తో హెచ్చవేయాలి.

ముప్ఫయ్యేళ్ళ, 70 కిలోల యువకునికి క్రియాటినిన్ 1.4 ఉంటే ఈ లెక్క ప్రకారం నిమిషానికి సుమారు 76 మిల్లీలీటర్లు వస్తుంది. డెబ్బయ్యేళ్ళ, 50 కిలోల అమ్మకు అదే 1.4 ఉంటే వచ్చేది సుమారు 30 మాత్రమే! అంకె ఒకటే, మూత్రపిండాల శక్తిలో రెండు రెట్లకు పైగా తేడా. కండ తక్కువగా ఉన్న వృద్ధులలో క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది. అందుకే పైకి అంకె మంచిగా కనిపించి మోసం చేస్తుంది.

వైద్యులు ఏం చేస్తారు?

సాధారణంగా మొదటి మోతాదును పూర్తిగానే ఇస్తారు. క్రిములను వెంటనే అదుపు చేయాలి కదా! తరువాతి మోతాదును తగ్గిస్తారు, లేదా మోతాదుకూ మోతాదుకూ మధ్య ఎడం పెంచుతారు. ఉదాహరణకు, రోజుకు 500 మిల్లీగ్రాముల లీవోఫ్లాక్సాసిన్ వాడవలసిన జబ్బులో, పైన చెప్పిన అమ్మవంటివారికి మొదటిరోజు 500, మరునాటినుంచి 250 ఇస్తారు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, సెఫ్ట్రయాక్సోన్ వంటివాటికి మామూలుగా ఈ తగ్గింపు అవసరముండదు. డయాలసిస్‌లో కొన్ని మందులు కొట్టుకుపోతాయి కనుక, వాటిని డయాలసిస్ అయ్యాక ఇస్తారు.

కాబట్టి “కిడ్నీ జబ్బు ఉంది కదా” అని మీ అంతట మీరే మాత్రను సగం విరిచి వేసుకోకండి. మోతాదు చాలకపోతే క్రిములు చావవు, జబ్బు ముదురుతుంది. ఎక్కువైతే ఒక ప్రమాదం, తక్కువైతే మరొక ప్రమాదం.

మీరు చేయవలసినవి

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, అరవై దాటినవారు, మూత్రంలో రాళ్ళు ఉన్నవారు ఏడాదికొకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మధుమేహం, రక్తపోటు లేనివారిలోనూ కిడ్నీ జబ్బు కనిపిస్తోంది. అక్కడివారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఏ డాక్టరుగారి వద్దకు వెళ్ళినా, పంటి నొప్పికైనా సరే, ఆ రిపోర్టునూ వాడుతున్న మందులనూ చూపండి. అడగలేదని ఊరుకోవద్దు, మీరే చెప్పండి. యాంటీబయాటిక్‌తో పాటు నొప్పి మాత్రలను సొంతంగా మింగవద్దు; అవి మూత్రపిండాలకు రెండో దెబ్బ. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, మూత్రం తగ్గితే, చెవుల్లో హోరు పుడితే, మనిషి తికమకపడితే వెంటనే డాక్టరుగారికి తెలియజేయండి.

మందుల షాపులో పేరు చెప్పి మాత్ర కొనడం తేలికే. కాని ఆ మాత్ర మీ ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో షాపువానికి తెలియదు. “నా మూత్రపిండాలకు ఈ మోతాదు సరిపోతుందా డాక్టరుగారూ?” అని అడగడానికి మొహమాటపడకండి. ఆ ఒక్క ప్రశ్న మీ చెవులనూ, మీ మూత్రపిండాలనూ, ఒక్కొక్కసారి మీ ప్రాణాన్నీ కాపాడుతుంది.