ఉప్పుగాలి ఇంటికీ ఏర్పేడు ఇంటికీ ఒకటే లెక్కా?

మా ఏర్పేడు కాలనీలో ఇల్లు కట్టిన మేస్త్రీయే వాకాడు మండలం తూపిలిపాళెం తీరానికెళ్లి, అదే సిమెంటు, అవే కమ్మీలతో ఇంకో ఇల్లు కట్టాడనుకుందాం. గృహప్రవేశం నాటికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ సముద్రం పక్కన ఉన్న ఇంటి స్లాబు ముందుగా పెచ్చులూడుతుంది. అప్పుడు మేస్త్రీని తిడతాం. అసలు తేడా గాలిలో ఉంది.

కాంక్రీటుకున్న క్షారగుణం లోపలి కమ్మీకి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు సన్నటి రంధ్రాల గుండా కమ్మీని చేరితే ఆ కాపుదల పోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు రాలతాయి.

ఇది ఇంజినీర్లకు కొత్త సంగతి కాదు. భారత ప్రమాణం ఐఎస్ 456:2000 దీన్ని స్పష్టంగా చెప్పింది. లోతట్టు ఊళ్లలో ఎండావానల నుంచి రక్షణ ఉన్న స్లాబుకు ఎం20 కాంక్రీటు, కమ్మీ మీద 20 మిల్లీమీటర్ల కవర్ చాలు. తీరపు గాలికి నేరుగా గురయ్యే చోట ఎం30 కాంక్రీటు, 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 22 లీటర్లు దాటకూడదు. కలపడానికైనా, క్యూరింగ్‌కైనా సముద్రపు నీళ్లు పనికిరావు.

మరి పేదల ఇంటి లెక్క ఎలా ఉండేది? 2020 డిసెంబర్ 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పథకంలో పల్లెల్లో సెంటున్నర స్థలం, 340 చదరపు అడుగుల ఇల్లు, 1.80 లక్షల రూపాయలు ఉండేవి. లోతట్టు పల్లెకైనా, సముద్రపు ఒడ్డుకైనా అదే మొత్తం ఉండేది. మంచి కాంక్రీటుకు, మందమైన స్లాబుకు అయ్యే అదనపు ఖర్చు తీరంలోని దళిత, యానాది కూలీ కుటుంబం మీదే పడేది. ఆ ఖర్చు పెట్టలేకపోతే పెచ్చులూడే కప్పు కిందే పిల్లల్ని పడుకోబెట్టాల్సి వచ్చేది.

అందుకే స్లాబు వేసే రోజున ఇంటివాళ్లు మూడు సంగతులు చూసుకోవాలి: కమ్మీల కింద 45 మిల్లీమీటర్ల కవర్ బిళ్లలు పెట్టారా, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా, కనీసం వారం, పది రోజులు మంచినీళ్లతో తడుపుతున్నారా.

అయితే భారమంతా వాళ్ల మీదే వదిలేయకూడదు. ఐఐటీ తిరుపతి మా ఏర్పేడు దగ్గరే ఉంది, అందులో సివిల్ ఇంజినీరింగ్ విభాగమూ ఉంది. తీరానికి వేరే నమూనా గీయించడం, దానికి తగ్గట్టు యూనిట్ ధర పెంచడం ప్రభుత్వం చేయగల పనే. మనం అడగాల్సిందీ అదే.