తెర వెనక కొలువా? సంతకానికి ముందు చదవండి

మైదుకూరు కుర్రాళ్లకు విదేశీ నాటకమేంటి అనుకోకండి. మన పులివెందుల నియోజకవర్గం చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన నాటక సంప్రదాయమే 2013లో ఫ్రాన్స్ దాకా వెళ్లింది.

సురభిలో వేషం కట్టినవాళ్లే తర్వాతి రంగంలో తాడు లాగుతారు. అదంతా కుటుంబం వ్యవహారం. పెద్ద విదేశీ మ్యూజికల్ టూర్లలో అలా కుదరదు. లైట్లు, సౌండు, దుస్తులు.. ఒక్కో పనికి ఒక్కో మనిషి. స్టేజ్ మేనేజర్ క్యూ ఇస్తేనే తెర కదలాలి. ఊరు మారే రోజైతే ఆట అయ్యాక సెట్టు విప్పి లారీకెక్కించేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

పేచీ వచ్చేదీ అక్కడే. ఆ గంటలకు ఓవర్‌టైమ్ ఉందా? రిహార్సల్ రోజులకు జీతమిస్తారా? తిండి బత్తా విడిగానా, జీతంలోనే కోస్తారా? షోలు రద్దయితే తిరుగు టికెట్ ఎవరు కొంటారు? అన్నీ కాంట్రాక్టులో ఉండాలి. 'అక్కడికెళ్లాక చూసుకుందాంలే' అన్నారంటే సంతకం పెట్టకండి. పాస్‌పోర్టు మేనేజర్ దగ్గర దాచొద్దు. 1967 చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి.

పని నేర్చుకోవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఏజెంటు ద్వారా వెళ్తుంటే మాత్రం ముందు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ చూడండి.